ఆరంటే ఎన్ని గంటలు?

గిద్దలూరు మండల ప్రజలందరికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మా వీధిలో పొద్దున ఆరు అంటే తొమ్మిది అని చదువుకోవలెను.

మా వీధి సుబేదారు మామ ఇరవై రెండేళ్లు మిలిటరీలో చేసి, పోయిన ఎండాకాలం ఇంటికి వచ్చాడు. మేకలు పెంచుకుంటానని కొట్టం కట్టాడు. పైకి రేకులు ఎత్తడానికి నలుగురు కావాలంటే, ఈ రోజు ఆరుకల్లా వస్తామని అందరి తరఫున నేనే మాటిచ్చాను. మేం వెళ్లేసరికి తొమ్మిది. అప్పటికి ఆయన ఒక్కడే రెండు రేకులు ఎత్తాడు. అరచెయ్యి తెగి రక్తం కారుతోంది. ఐదుగురికని ఫ్లాస్కులో పోయించిన టీ అట్లాగే ఉంది.

మిగతావాళ్లు నోరు తెరవకముందే నేనే అందుకున్నాను. "ఏంది మామా, ఇదేమన్నా మిలిటరీనా?"

"ఆడ ఆరంటే ఆరే అల్లుడా. ఈడ ఆరంటే ఎంతో కాగితం మీద రాసియ్యి, నేర్చుకుంటా" అన్నాడు. టీ పారబోశాడు. "ఈ మేకలూ వద్దు, మీ సాయమూ వద్దు. హైదరాబాద్‌లో సెక్యూరిటీ పనికి పిలుస్తాండారు, పోతా."

అప్పటినుంచి ఒళ్లు మండిపోతోంది. చెప్పిన మాట నమ్మే మనిషి ఊరికి ఒక్కడు తిరిగొస్తే, వాణ్ణీ ఉండనివ్వం.

అన్నట్టు, పైన చేసిన ప్రకటన అబద్ధం. మా వీధివాళ్లకు నేను తొమ్మిదని చెప్పాను, తొమ్మిదికే వచ్చారు. ఆరు అని చెప్పింది మామ ఒక్కడికే, కాసేపు నవ్వుకుందామని. ఆయన పెట్టె సర్దుతున్నాడట. ఈ సంగతి ఆయనకు ఎట్లా చెప్పాలో మీరే చెప్పండి.