హెడ్‌లైటు మీద పసుపు

మా నాయన చాలా ఏళ్లు మేస్త్రీ పని మీద బొంబాయి, పుణె తిరిగాడు. నాట్లప్పుడు వచ్చేవాడు, కోతలయ్యాక పోయేవాడు. కొత్తకోటలో ఇళ్ల పనులు దొరకడం మొదలయ్యాక, "ఇగ నేను యాడికి పోను" అని ఒక మోపెడ్ కొన్నాడు. మా ఊరు కొత్తకోట నుంచి అమరచింత వైపు పోయే దారిలో ఉంటుంది. పొద్దున పనికి పోయిన మొగుడు సాయంత్రానికి ఇల్లు చేరడమనే సుఖం మా అమ్మకు ఆ బండి వచ్చాకే తెలిసింది. అందుకే ఆ బండంటే ఆమెకు ప్రాణం. మేమంతా దాన్ని బండి అనేవాళ్లం, ఆమె ఒక్కతే "మన బండి" అనేది.

దాని ఇంజను మొదలైతే చాలు, మిట్టమధ్యాహ్నమైనా ముందు లైటు వెలుగుతుంది. ఆర్పడానికి స్విచ్చే లేదు. కొత్త బండ్లన్నీ ఇట్లాగే ఉండాలని రూలు వచ్చిందని షాపులో చెప్పారు. ఆ సంగతి తెలియనివాళ్లు ఎదురుగా వస్తూ, లైటు ఆర్పలేదని వేళ్లు ముడిచి తెరిచి సైగ చేసేవాళ్లు. నాయన మొదట్లో ఆగి మరీ వివరం చెప్పేవాడు. తర్వాత విసుగొచ్చి అందరికీ నమస్కారం పెట్టుకుంటూ పోయేవాడు. అమ్మకు మాత్రం ఆ రూలు తెగ నచ్చింది. "పొద్దంత దీపం ఎలుగుతనే ఉంటదంటే మంచిదే గద" అనేది.

ఆ ఏడు దసరాకు బండికి పూజ చేసినప్పుడు ఆ దీపానికే పెద్ద పీట వేసింది. పసుపు నీళ్లలో కలిపితే నాలుగు రోజుల్లో రాలిపోతుందని పల్లినూనెలో కలిపింది. హెడ్‌లైటు అద్దమంతా అరచేత్తో మెత్తి, నడుమ కుంకుమ పెట్టింది. వెనక ఎర్ర లైటుకూ బొట్లు పెట్టింది. పూజలో పెట్టిన పసుపును మా దగ్గర తుడవరు. దానంతటదే పోవాలి. అప్పటికే వానలు వెనక్కి పోయాయి. నూనె పసుపుకు రోడ్డు దుమ్ము తోడై, అద్దం మీద అట్టకట్టింది.

నేనప్పుడు వనపర్తిలో డిగ్రీ చదువుతున్నాను. సాయంత్రం బస్సు దిగి కొత్తకోటలో నిలబడితే, నాయన పని ముగించుకుని వచ్చి ఎక్కించుకునేవాడు. దసరా దాటాక పొద్దు తొందరగా గూకుతుంది. హైవే దిగి మా ఊరి రోడ్డెక్కేసరికి మసక చీకటి పడేది. మా లైటు వెలుగు చక్రం ముందు కాస్త దూరం పచ్చగా పడి, అక్కడే ఆగిపోయేది. పైగా అవి వడ్లు ఆరబోసే రోజులు. సగం రోడ్డు మీద వడ్లు, వాటి చుట్టూ బండ్లు ఎక్కకుండా రాళ్లు.

"నాయనా, లైటు జర తుడువు" అన్నాను.

"మీ అమ్మ పెట్టింది బిడ్డా. నేనెట్ల తుడుస్త?"

"అమ్మ పెట్టిందని రాళ్లు పక్కకు జరుగుతయా?"

"మెల్లగ పోతున్న గద."

మెల్లగా అంటే మామూలు మెల్లగా కాదు. గొర్రెల మంద కూడా మమ్మల్ని దాటిపోయేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఒకసారి చున్నీ కొనతో తుడవబోతే, చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

కొత్తకోట చౌరస్తాలో ఒక సాయంత్రం కానిస్టేబుల్ బండి ఆపాడు. లైటు మీద వేలితో గీకి, ఆ వేలు చూసుకున్నాడు.

"ఏం పెద్దమనిషీ, ముంగట తెల్ల లైటుండాలె, ఎనక ఎర్రదుండాలె. నీదేంది గిట్ల పచ్చగున్నది?"

"ఎనక ఎర్రగనే ఉంది సార్. కుంకుమ గూడ పెట్టింది మా ఆమె."

కానిస్టేబుల్‌కు నవ్వు వచ్చింది గానీ మింగేశాడు. "లైటు మీద ఏది కప్పినా తప్పే. నీకు తొవ్వ కానరావాలె, లారీవానికి నువ్వు కానరావాలె. రూలు అందుకే పెట్టిండ్రు."

"ఇంటికి పోయినంక తుడుస్త సార్."

"ఇంటికి పోవాలంటేనే తుడువుమంటున్న!"

నాయన వినయంగా తల ఊపాడు. చౌరస్తా దాటాక, "మంచోడే పాపం" అన్నాడు. పసుపు మాత్రం అట్లాగే ఉంది.

ఆ వారంలోనే పడ్డాం. ఎదురుగా ట్రాక్టరు వస్తే నాయన పక్కకు తిప్పాడు. అక్కడున్న రాయి మా వెలుగులో చివరి దాకా కనబడలేదు. నేను వెళ్లి వడ్లలో పడ్డాను, దెబ్బ తగల్లేదు. నాయన మోచేయి రోడ్డుకు గీరుకుపోయింది. ఆయన లేస్తూనే నా చేతులూ కాళ్లూ తడిమి చూశాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఇంట్లో అమ్మ ఆ మోచేతికి పసుపే అద్దింది. కుక్క అడ్డమొచ్చిందని చెప్పాడు నాయన. నేను ఊరుకోలేకపోయాను.

"కుక్క లేదు, ఏం లేదు. లైటు కానొస్తలేదు. నువ్వు పెట్టిన పసుపని తుడువనిస్తలేడు. పోలీసాయన చెప్పినా ఇనలే."

అమ్మ నావైపు చూసింది, ఆయనవైపు చూసింది. బయటికి నడిచి, "బండి చాలు చెయ్" అంది. నాయన స్టార్టు చేశాడు. ఎదురింటి గోడ మీద చిన్న పచ్చటి మరక పడింది. అమ్మ దాన్ని కాసేపు చూసింది.

"గింతేనా ఎలుగు? గీ ఎలుగుల బిడ్డను ఎక్కించుకొని వస్తున్నవా?"

"నువ్వు పెట్టినవు గదనే."

"నువ్వు ఇంటికి రావాలెనని పెట్టిన!"

సబ్బు, వేడినీళ్లు తెచ్చి తానే రుద్దింది. నూనె జిడ్డు ఒక పట్టాన వదల్లేదు. "దేవునికి కోపమొస్తే నా మీదికి రానీ" అని గొణుక్కుంటూ కొంగుతో తుడిచింది. గోడ తెల్లగా వెలిగింది. వెనక లైటు కూడా కడిగి లేచి, అప్పుడు మెల్లగా చెప్పింది.

"రోజు గడప కాడ నిలబడి సూస్తుంటి. రోడ్డు మీద వచ్చే బండ్లన్నీ తెల్లగ వస్తుండె. పచ్చగ వచ్చేది నీదొక్కటే. అది కానొస్తనే లోపలికి పోయి పెనం మీద రొట్టె ఏస్తుంటి. ఇగ ఏది నీదో ఎట్ల తెలుస్తది?"

ఆ మాట నాయనకు ఎంత తగిలిందో నాకు మర్నాడు తెలిసింది.

మర్నాడు సాయంత్రం, మా గడపలోంచి కనబడే కాలువ కల్వర్టు దాటగానే నాయన ఎడమ ఇండికేటరు వేశాడు. మా వాడ మలుపు ఇంకా చాలా దూరం ఉంది. "ఇప్పటి సంది ఎందుకు నాయనా?" అన్నాను. ఇండికేటరు పచ్చగా కొట్టుకుంటూనే ఉంది. వెనకొచ్చే ఆటోవాడు మేమెప్పుడు తిరుగుతామో తెలియక హారను మోగించాడు.

మా గడపలో అమ్మ నిలబడి లేదు. లోపల పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆయన రొట్టె అప్పటికే పెనం మీద కాలుతోంది.