మేనత్త వరండాలోనే ఉండిపోయిన ఉయ్యాల వేడుక

నెలలు నిండకుండా పుట్టిన మా మేనకోడలు ఎట్టకేలకు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. రేపల్లెలో, వాళ్ళ అమ్మమ్మగారింట్లో ఉయ్యాల వేడుక పెట్టారు. మేనత్తను కదా, పిల్లను ఉయ్యాల్లో వేయాల్సింది నేనే. బాపట్ల నుంచి బస్సులున్నా నాకు రైలే ఇష్టం. పొద్దున్నే ఎక్కి తెనాలిలో దిగితే, రేపల్లె పాసింజరు వచ్చేలోపు టిఫిన్ తినొచ్చు. ఖర్చూ తక్కువే.

స్టేషను బయట ఇడ్లీ మొదటి ముద్దకే గొంతు మండింది. "చట్నీ కారంగా ఉందాండి?" అంది టిఫిన్ బండి ఆవిడ. "లేదండి, నా గొంతే బాగోలేదు" అంటుండగానే తుమ్ము వచ్చింది. వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను, మనసొప్పలేదు. మందుల షాపులో మాస్కు కొనుక్కుని, రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను.

రేపల్లెలో గేటు దగ్గరే ఆగి పిల్ల తల్లికి, మా మరదలు అనూషకు విషయం చెప్పాను. వాళ్ళమ్మగారు బయటికొచ్చారు. "ఇంత దూరం వచ్చి బయటేంటమ్మా? జలుబు ఎవరికి రాదు?"

"మనకైతే జలుబేనండి. అదే వైరస్ పసిదాని ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రమాదం. తుమ్మితే తుంపర్లతో, ముట్టుకుంటే చేతులతో అంటుకుంటుంది."

ఆవిడ ముఖం చిన్నబోయింది. అనూష మాత్రం, "అమ్మా, ఆసుపత్రిలో దాని ఊపిరి చూసుకుంటూ కూర్చున్నదాన్ని నేను. వదిన చెప్పింది నిజం" అని, లోపలికి తిరిగి గట్టిగా అడిగింది: "ఇంకెవరికైనా దగ్గుగాని, గొంతునొప్పిగాని ఉందా?"

నేను వరండాలోనే ఓ చివర కూర్చున్నాను. అనూష బాబాయి దగ్గుకుంటూ బయటికి వచ్చి నాకు దూరంగా కుర్చీ వేసుకున్నాడు. ఆయన వెనకే ఇంకో పెద్దావిడ. లోపల జోలపాట మొదలైంది. పిల్లను అమ్మమ్మే ఉయ్యాల్లో వేసింది. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. కాసేపటికి అనూష కిటికీ అవతల నిలబడి పిల్లను ఎత్తి చూపించింది.

తిరుగు ప్రయాణంలోనే జ్వరం వచ్చింది. పూర్తిగా తగ్గాక మళ్ళీ వెళ్ళాను. సబ్బుతో చేతులు కడుక్కుని కూర్చుంటే, వాళ్ళమ్మగారే పిల్లను తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఆ రోజు నీ మీద కోపమొచ్చిందమ్మా" అన్నారు.

ప్రేమంటే దగ్గరికి తీసుకోవడమే అనుకునేదాన్ని. ఆ రోజు దూరంగా కూర్చోవడం కూడా ప్రేమేనని తెలిసింది. పసిపిల్లను చూడబోయేవాళ్ళు బయలుదేరేముందే తమ ఒంట్లో ఎలా ఉందో చూసుకోండి, కాస్త నలతగా ఉన్నా ప్రయాణం వాయిదా వేయండి. పిల్ల పాలు తాగకపోయినా, ఊపిరి తీసుకోవడానికి డొక్కలు ఎగరేస్తున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.