కదిలేదాన్ని తీసినవాడు

ఆదోని, ఎమ్మిగనూరు మధ్య పెళ్లి వీడియోల్లో నా అంతటివాడు లేడని చెప్పుకుంటూ ఉంటాను. నా కెమెరాను చూసి పెళ్లికొడుకులే పక్కకు జరిగేవాళ్లు. అది అంత పెద్దదేం కాదు లెండి, నేనే అంత పెద్దగా పట్టుకునేవాణ్ణి.

నాతో పనికి వచ్చే ఎమ్మిగనూరు మనిషి దగ్గర అద్దం పగిలిన ఫోను ఒక్కటే ఉండేది. ఫొటోల అలవాటు కొద్దీ నేను వీడియోలోనూ "కదలొద్దు!" అని అరిచేవాణ్ణి. అతను నా చెవిలో గొణిగేవాడు: "కదిల్తేనే గదప్పా కథ. రవ్వంత ఊరకుండు."

నందవరంలో ఒక నేతగాడి కూతురి పెళ్లి. అప్పగింతల్లో నా అరుపుకు తండ్రి కొయ్యలా నిలబడ్డాడు. నేను కెమెరా ఆపాక ఆయన వంగి, తాను నేసిన కూతురి చీర అంచు సర్దాడు. "దీన్ని నలగనియ్యాకు తల్లీ" అన్నాడు. అదంతా ఆ ఫోనులో పడింది. చివర్లో, తీసేవాడు ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా.

ఈమధ్య ఆ తండ్రి పోయాడు. కూతురు నా స్టూడియోకు వచ్చి, నా దగ్గర దాచి ఉన్న ఆ ఫోను వీడియో చూసుకుంది.

"మా నాయన కదిలేది దీంట్లోనే సిన్నాయనా. ఆ ఏడ్సేదెవరు?"

"నేనేనమ్మా."

ఆమె నా కాళ్లకు దండం పెట్టబోయింది. వెనక్కి జరిగాను.

"నేను కాదు తల్లీ. తీసిందీ నేను కాదు."

"మరి ఆయప్ప యాడుండాడు? పోయి మొక్కొస్తా."

"ఆయనా పోయినాడమ్మా, మొన్న ఎండాకాలం."

ఆమె వీడియోను చివరికి జరిపింది. ఈసారి ఇద్దరం ఆ చప్పుడు కోసమే చెవి ఒగ్గాము.