పదో ఎక్కం దగ్గర ఆగిపోయినావిడ

మా అమ్మ ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పింది. మతిమరుపు జబ్బు వచ్చాక నా పేరు మరిచిపోయింది, అన్నం తిన్నదీ లేనిదీ మరిచిపోయింది. ఎక్కాలు మాత్రం మరవలేదు. ఆమెను నాలుగేళ్లుగా కంటికి రెప్పలా చూసుకుంటున్నది నేను కాదు, మా ఆయన.

నాది బస్సు డిపోలో టికెట్ కౌంటరు ఉద్యోగం. అమ్మకు పొద్దున్నే స్నానం చేయించి వెళ్లిపోయేదాన్ని. ఆయన గడియారాలు బాగుచేస్తారు. కొట్టు మూసేసి, బల్లా భూతద్దమూ ముందుగదిలో వేసుకుని, ఒక కన్ను గడియారం మీద, ఇంకో కన్ను అత్తగారి మీద పెట్టి పనిచేసేవారు. ఒకరోజు చిన్న మర బిగిస్తూనే ఆయన తల బల్ల మీదికి వాలిపోవడం చూశాను.

"వారానికి రెండు మధ్యాహ్నాలు ఎవరినైనా పెట్టుకుందామండీ."

"నాకేమైంది? గుండ్రాయిలా ఉన్నాను."

"ఆ గుండ్రాయి కూర్చున్నచోటే కునుకు తీస్తోంది మరి!"

నా సెలవు రోజున ముగ్గురిని రమ్మన్నాం. మొదటి అమ్మాయి చాలా చురుకు. కానీ అమ్మ ఎదురుగా ఉండగానే "ఈవిడకి షుగరుందా? అరుస్తుందా?" అని మమ్మల్ని అడిగింది.

"పదమూడు ఏళ్లెంత?" అని ఎక్కం అడిగింది అమ్మ.

"అన్నేళ్లు కాదండీ, నా అనుభవం మూడేళ్లే," అంది ఆ అమ్మాయి.

రెండో అతను ఆస్పత్రిలో పనిచేసినవాడు, బలమైన మనిషి. అమ్మ అదే ప్రశ్న వేస్తే "తొంభై ఒకటి" అని టక్కున చెప్పి, మావైపు తిరిగి నవ్వాడు. "ఇలాంటోళ్లకి ఊ కొడితే చాలండీ." నాకు అతన్నే పెట్టుకుందామనిపించింది. మా ఆయన మాత్రం మూడో మనిషినీ చూద్దామన్నారు.

మూడో ఆవిడ వేరే స్టాపులో దిగి, ఆలస్యంగా, చెమటలు కక్కుతూ వచ్చింది. అమ్మ ప్రశ్న వినగానే సంచి కింద పెట్టి నిలబడింది.

"రాదు టీచరుగారూ. పదో ఎక్కం దగ్గరే ఆగిపోయాను."

"కూర్చో. రాకపోతే నేర్చుకోవాలి, సిగ్గెందుకు?" అంది అమ్మ. అరగంట పాఠం నడిచింది. అమ్మ వీపు నిటారుగా పెట్టి కూర్చోవడం చూసి ఎన్నాళ్లయిందో!

"మా అత్తయ్య పడిపోతే ఏం చేస్తారమ్మా?" అని మా ఆయన అడిగారు.

"ఒక్కదాన్నే లేపలేనండీ. తలకింద దిండు పెట్టి, పక్కన కూర్చుని, మీకూ పక్కింటివాళ్లకీ ఫోన్ చేస్తా. లేపేస్తానంటే అబద్ధమవుతుంది." తర్వాత ఆవిడే అడిగింది: "మరి ఆ టైములో మీరెక్కడికెళ్తారు?"

ఆయన బల్ల మీది గడియారాలకేసి చూశారు.

"ఇంట్లోనే ఉంటానంటే నేను రాను బాబూ. మంచాన పడ్డ మా అత్తను ఆరేళ్లు చూశాను. కాసేపు బయటికెళ్లి రమ్మని నాతో ఒక్కరూ అనలేదు."

ఆవిడ అంతకుముందు పనిచేసిన ఇంటికి ఫోన్ చేసి కనుక్కున్నాం. మంచిమాటే చెప్పారు. రమ్మన్నాం.

మొదటి రోజు ఆయన గుమ్మంలోనే తచ్చాడుతుంటే, చెప్పులు తెచ్చి ముందు పెట్టి మరీ పంపించిందట. ఎటు వెళ్లాలో తోచక క్షౌరశాలకు వెళ్లి, గడ్డానికి నురగ పూస్తుండగానే కుర్చీలో నిద్రపోయారు. మంగలి మంచివాడు. మొహం తుడిచి, రెండు గంటలు కదపకుండా వదిలేశాడు.

సాయంత్రం కౌంటరుకు ఫోన్ వచ్చింది. అమ్మకేమైందో అనుకుంటూ ఎత్తాను.

"ఏం లేదే. నిద్రపోయాను. అది చెబుదామనే చేశా."

అద్దం అవతల టికెట్ల వరుస. ఇవతల నా కళ్లు ధారలు.

ఏడాదిన్నర అయింది. ఆయన ఆ మధ్యాహ్నాల్లో ఈతకు వెళ్తున్నారు. మొన్న ఆవిడకు కృతజ్ఞతలు చెప్పబోతే నన్ను ఆపేసింది.

"నాకెందుకమ్మా? ఇలాంటి అల్లుణ్ణి నేనెక్కడా చూడలేదు. మీ ఆయనకి ఎప్పుడైనా చెప్పారా?"

లేదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. ఆ సాయంత్రం చెప్పాను. తడి తల తుడుచుకుంటున్న మనిషి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, "టీ పెట్టనా?" అన్నారు.