ప్రదర్శనలో నిలిచిపోయిన ట్రక్కు

కొత్త జిల్లాలు ఏర్పడిన ఏడాది నన్ను ఏలూరుకు బదిలీ చేశారు. వ్యవసాయ యంత్రాల విభాగంలో ఇంజనీరు ఉద్యోగం. చిన్న రైతుల పరికరాలకు మార్పులు సూచించడం, చేసిన మార్పు భద్రంగా ఉందో లేదో పరీక్షించడం నా పని. రిటైరయ్యే వరకు అక్కడే ఉన్నాను.

మరుసటి వేసవిలో మండవల్లి వైపు నుంచి సాల్మన్‌రాజు గారు, ఆయన భార్య రూతమ్మ గారు ఆఫీసుకు వచ్చారు. కొల్లేరు అంచున చేపల చెరువు లీజుకు తీసుకుని శీలావతి, బొచ్చె పెంచుతున్నారు. చెరువు గట్లకు ఏటా వానలకు ముందే మట్టి పొయ్యాలి. ఆ ఇరుకు గట్టు మీద పెద్ద ట్రాక్టరు తిరగదు. వాళ్ళ దగ్గర మినీ ట్రాక్టరు, దాని వెనుక తగిలించే చిన్న ట్రక్కు ఉన్నాయి. మట్టి నింపడానికి పొక్లెయిన్ దొరుకుతుంది కానీ, గట్టు మీద దించాలంటే పారతో లాగాల్సిందే. సాల్మన్‌రాజు గారికి అంతకుముందే నడుం దెబ్బతింది. బరువు ఎత్తవద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు.

మాట్లాడింది రూతమ్మ గారే. "బండి నేను తోలతానండి. దించడమే నా ఒక్కదాని వల్ల కావట్లేదు. ఈయనేమో చూస్తూ కూర్చోలేక పార పట్టుకుంటారు, మళ్ళీ మంచం ఎక్కుతారు. తొట్టి దానంతటదే లేచేటట్టు చెయ్యలేరాండి?"

చేయవచ్చు. పెద్ద ట్రాక్టర్లకు అది మామూలే. ట్రాక్టరులోని ఆయిలునే పైపు ద్వారా ట్రక్కు కింది జాకీకి పంపిస్తారు. జాకీ సాగి తొట్టిని ఎత్తుతుంది. మినీ ట్రాక్టరులో ఉండే ఆయిలు తక్కువ. జాకీ పూర్తిగా సాగితే ట్రాక్టరుకు చాలదు. పైగా బురదలో పైపులు తగిలించి విప్పుతుంటే ఆయిల్లోకి మట్టి చేరి ట్రాక్టరే పాడవుతుంది. అందుకని ట్రక్కుకే విడిగా చిన్న ఆయిలు ట్యాంకు, బ్యాటరీతో తిరిగే పంపు పెట్టాలని నిర్ణయించాను. ఖర్చు వాళ్ళదే. ఏలూరులో వెల్డింగ్ షాపు నడిపే కరీముల్లా గారు తొట్టిని చట్రం నుంచి వేరుచేసి వెనుకవైపు మడత బందులు వేశారు. పైపు పగిలినా తొట్టి ఒక్కసారిగా పడిపోకుండా జాకీ మొదట్లోనే ఒక వాల్వు, లేచిన తొట్టి కింద ఆనించడానికి ఇనుప ఊతం పెట్టించాను. నిండు బరువుతో పలుమార్లు ఎత్తి దించి చూశాకే బండి వాళ్ళ చేతికిచ్చాను.

గట్టు మీద రూతమ్మ గారు మీట నొక్కారు. తొట్టి లేచింది, నల్లమట్టి జారింది. సాల్మన్‌రాజు గారు పార తీసుకెళ్ళి షెడ్డులో పెట్టి వచ్చారు.

రెండు వైపుల గట్టు పూర్తయి, పక్కనున్న మురుగు కాలువ, అదే డ్రెయిన్ వైపు గట్టు మిగిలి ఉండగా మా పై అధికారికి ఈ సంగతి తెలిసింది. తాడేపల్లిగూడెంలో యంత్రాల ప్రదర్శన పెడుతున్నారు. మన శాఖ తరఫున ఇదే పెట్టాలన్నారు. వాళ్ళ పని సగంలో ఉందని, వానలు దగ్గరపడ్డాయని చెప్పాను.

"నాలుగు రోజులే కదా సుజాత గారూ, వాళ్ళకీ పేరొస్తుంది" అన్నారాయన. నేను ఒప్పుకోకపోయేసరికి తనే మనిషిని పంపారు. ఆఫీసు వాళ్ళు ఇంటికొచ్చి అడిగితే కాదనడం సాల్మన్‌రాజు గారికి తెలియదు. ఇచ్చేశారు.

ప్రదర్శన ముగిసింది, ట్రక్కు రాలేదు. పై నుంచి ఎవరో పెద్దాయన చూడటానికి వస్తారట. ఆ రాక వాయిదా పడుతూ పోయింది. నేను తాడేపల్లిగూడెం వెళ్ళి చూస్తే ట్రక్కుకు కొత్త రంగు వేసి, మా శాఖ పేరు రాయించి, చుట్టూ రిబ్బను కట్టారు. వచ్చినవాళ్ళు సరదాకి మీట నొక్కుతున్నారు. ఖాళీ తొట్టి లేస్తోంది, దిగుతోంది. ఆ రోజే పంపించమని అధికారిని మళ్ళీ అడిగాను. పెద్దాయన చూడకుండా ఎలా పంపుతామన్నారు. పెదపాడులో తెలిసిన రైతును బతిమాలి జాకీ లేని చిన్న ట్రక్కొకటి వాళ్ళకు పంపించాను. దానికి పారే గతి. షెడ్డులో పెట్టిన పార సాల్మన్‌రాజు గారు మళ్ళీ తీశారు. ఒక పూటకే నడుం పట్టేసింది. తరవాత రూతమ్మ గారొక్కరే గమేళాలతో మట్టి మోశారు.

వానలు పడ్డాయి. డ్రెయిన్ వైపు గట్టు తెగింది.

కబురు తెలిసి నేను వెళ్ళేసరికి రూతమ్మ గారు గండి దగ్గర నడుంలోతు నీళ్ళలో వల అడ్డం పట్టుకుని నిలబడి ఉన్నారు. చెరువులో చేప లేదని ఆమెకు తెలుసు. దిగువన డ్రెయిన్లో జనం వలలు వేసి శీలావతులు పడుతున్నారు. బయటికి రమ్మని సాల్మన్‌రాజు గారు గట్టు మీద నుంచి పిలుస్తున్నారు. ఆమె చాలాసేపు రాలేదు.

ఆఫీసుకెళ్ళి జరిగింది చెప్పాను. "వాన మన చేతుల్లో ఉంటుందా అండీ?" అన్నారు మా అధికారి. వస్తానన్న పెద్దాయన చివరికి రానేలేదు.

ట్రక్కును నేనే దగ్గరుండి వాళ్ళింటికి చేర్చాను. రూతమ్మ గారు నాకు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చారు. కొత్త రంగు వైపు చూసి, "ఇప్పుడు దీంతో ఎక్కడ మట్టి పొయ్యమంటారండి?" అని అడిగారు. నన్ను నిందించే గొంతు కాదది. నిజంగానే అడిగారు.

లీజు వదిలేశారు. ట్రాక్టరుతో పాటు ట్రక్కును చింతలపూడి వైపు ఒక పామాయిల్ రైతుకు అమ్మేశారు. గెలలు దించడానికి బాగా ఉపయోగపడుతోందని విన్నాను. రూతమ్మ గారు ఇంకొకరి చెరువు మీద మేత వేసే కూలికి కుదిరారు.

ఆ తరవాత ప్రదర్శనకు ఏ రైతు బండి అడిగినా, అతని పని ముగిసిందా అని ముందు అడిగేదాన్ని. మీటింగుల్లో అది ఎవరికీ నచ్చేది కాదు. రిటైరయ్యే దాకా అడుగుతూనే ఉన్నాను, పద్ధతి మారలేదు. యంత్రాన్ని పనిచేయించడం మా ఉద్యోగంలో తేలికైన భాగం. పని ఉన్న చోట దాన్ని ఉండనివ్వడం మా శాఖకు చేతకాలేదు.