ఇంటోల్ల మీద మొదటి కర్ర

కర్ర అంటే నాకు భయం. దాచుకునేదేముంది, ఊరందరికీ ఎరుకే. కేసముద్రంల మా కిరాణ దుకాణం ముందర గొర్లు కాసెటాయన భుజం మీది కర్ర కిందికి దించినా సరే, నేను గల్లపెట్టె ఎనుకకు వంగేటోన్ని. పోనీ నన్నెవడన్న ఎన్నడన్న కొట్టిండా అంటే అదీ లేదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాడు జనగామల చదువుకుంటుంటి. ఊరేగింపుల అందరితోని నేనూ నడిచిన. ఎదురుంగ లాఠీలు లేచినయ్. ఒకటి నా నెత్తి మీదికి లేసుడు చూసి కండ్లు మూసుకున్న. ఒక్క దెబ్బ సుత పడలే. నా పక్కన నడిచిన దోస్తుకు చెయ్యి ఇరిగింది, దవాఖానల కట్టు కట్టిచ్చుకొని కొన్నాళ్లకు మంచిగైండు. దెబ్బ తినని నేను మాత్రం ఏండ్లు గడిచినా ఆ కర్ర కిందనే ఉండిపోయిన.

ఇదంతా నా ఒక్కనితోని పోతే బాధ లేకపోవు. నా బిడ్డకు అంటుకున్నది. తొమ్మిదేండ్ల పిల్ల. ఇంట్ల గంజో గిన్నెనో కింద పడితే సాలు, తండ్రీబిడ్డలం ఇద్దరం ఒక్కతీరుగ చెవులు మూసుకుంటుంటిమి. మొదట్ల మా ఇంటామె నవ్వేది, ఆవు చేన్ల మేస్తే దూడ గట్టున మేస్తదా అని. ఒకనాడు బడిల సారు లొల్లి ఆపమని బల్ల మీద బెత్తం కొట్టిండట. బల్లనే కొట్టిండు, పిల్లను కాదు. నా బిడ్డ లంగా తడుపుకున్నది. పిల్లలందరు నవ్విన్రు. మర్నాటి సంది బడికి పోనని మంచం కోడు పట్టుకొని కూసున్నది. బతిలాడినం, బెదిరిచ్చినం, బెల్లం పెట్టినం. ఊహు. మా ఇంటామె నవ్వుడు బందైంది. "దీన్ని సుత నీ తీరుగ గల్లపెట్టె ఎనుక కూసోబెడుతవా?" అని అడిగింది.

నాతోని అయ్యేది కాదని ఆమెనే తొవ్వ ఎతికింది. మా ఊర్ల ఒక తాలీం ఉండె, పొద్దుగూకంగ పిల్లలకు పెద్దలకు కర్రసాము నేర్పెటోల్లు. కర్ర భయం కర్రతోనే పోతదని మా ఇంటామె బిడ్డను ఆడ చేర్పిచ్చింది. ఉస్తాద్ లారీలున్న ఆసామి. మనిషి ఎంత లావో, గొప్పలు అంతకు రెట్టింపు. ఆడపిల్లకు కర్రసామేందని బజార్ల గొణిగినోల్లున్నరు. ఆడపిల్ల నెత్తి నెత్తి గాదా, దాని మీద దెబ్బ పడదా అని ఉస్తాద్ ఒక్క మాటతోని అందరి నోర్లు మూపిచ్చిండు.

అంతవరకు బాగనే ఉన్నది. నా ప్రాణం మీదికొచ్చింది ఆ తాలీం కట్టడి. కొత్తగ కర్ర పట్టినోల్లు దసర నాడు కర్రలకు పూజ అయినంక, జమ్మికి పోకముందు, జనం నడుమ మొదటి దెబ్బ వేసి చూపాలె. ఎదురుంగ నిలబడేది బయటోల్లు కాదు, ఇంటోల్లే. కర్ర జోరుగ నెత్తి మీదికి వచ్చి వేలెడు దూరంల ఆగాలె. నిలబడ్డోల్లు మెదలద్దు. మెదిలితే కొట్టేటోల్ల అంచనా తప్పి దెబ్బ తాకుతది. ఇదేం రివాజు ఉస్తాద్, పిల్లలతోని పరాచికాలా అని నేను లబలబలాడిన. "ఇంటోల్ల నెత్తి మీద కర్ర ఆపనేర్చినోడే బయటోని మీద ఎత్తాలె సేటూ" అన్నడు.

మా ఇంటామె తాను నిలబడుతనన్నది. నా పానం జర నిమ్మలమైంది. గని బిడ్డ ఒప్పుకోలే. తల వంచుకొని, మెల్లగ అన్నది: "బాపు నిలబడితే బడికి పోత."

ఇగ సూడున్రి నా పరేషాన్. దుకాణం జల్ది కట్టేసి నేను సుత తాలీంకు పోవుడు షురువైంది. ఉస్తాద్ నన్ను పిల్లల వరుసలనే నిలబెట్టిండు. మొఖం ముందర కర్ర గాలి కోసుకుంట పోతది, రెప్ప కొట్టద్దు. నేను రెప్ప కాదు, మోకాళ్లే మడిచేటోన్ని. పోరగాండ్లు కడుపులు పట్టుకొని నవ్వేటోల్లు. నా బిడ్డ ఒక్కతే నవ్వకపోయేది. నవ్వితేనే బాగుండునని నాకు అనిపిచ్చేది. కర్రను చూడకు, పట్టినోని చేతులను చూడు, ఊపిరి ఇడువు అని ఉస్తాద్ చెప్పి చెప్పి అలిసిపోయిండు. నా బిడ్డ దిక్కు చూస్తే మాత్రం దినదినం కుదురు వస్తున్నది. బోర్లిచ్చిన కుండ మీదికి కర్ర దించి ఆపుడు దాని పని. మొదట్ల పెంకులే పెంకులు. బతుకమ్మ పేర్చే దినాలు వచ్చేటాల్లకు కుండ పలుగుడు ఆగింది.

అది ఎంత బాగ నేర్చుకుంటే నాకు అంత దిగులు. కుండ మెదలదు, నేను మెదులుత గదా! నేను ఉలిక్కిపడితే దాని కర్ర నాకు తాకుతది. తాకితే ఇగ అది కర్ర ముట్టదు, బడి ముట్టదు, జన్మల దేని ముందరా నిలబడదు. అన్నం సయించలే. జరమొచ్చిందని పడుకోవాల్నా, సరుకు పనుందని మానుకోటకు పోవాల్నా అని ఎన్ని తీర్ల ఆలోచన చేసిన్నో. ఎటు పోయినా బిడ్డ మాట ఎంబడి వచ్చేది.

దసర వచ్చింది. డప్పులు మోగుతున్నయ్. ఊరు ఊరంత ఆడనే ఉన్నట్టున్నది. నా వంతు పిలిచిన్రు. ఎట్ల నడిచిన్నో ఏమో, పోయి నిలబడ్డ. బిడ్డ మట్టి ముట్టి నొసటికి అద్దుకున్నది, ఉస్తాద్‌కు దండం పెట్టింది, కర్ర లేపింది. ఊపిరి ఇడిసి దాని చేతులు చూసిన. కండ్లు మూసుకోలే. నిజంగనే మూసుకోలే. చేతుల మీదికెళ్లి మొఖం చూసిన. నా బిడ్డ గట్టిగ కండ్లు మూసుకొని ఉన్నది.

అప్పటికే కర్ర దిగుతున్నది. పక్కకు జరిగితే తప్పిచ్చుకుందును. జరుగలే. జరిగితే అది కండ్లు తెరిసే సరికి ఎదురుంగ నేనుండను.

నొసటి మీద ఠప్పుమన్నది. నెత్తురు కంటి మీదికి కారింది. డప్పులు ఆగినయ్. బిడ్డ కండ్లు తెరిసింది, కర్ర ఇడిసిపెట్టింది, రెండు చేతులు చెవుల మీదికి పోయినయ్. మా ఇంటామె ఉరికొస్తుంటే ఉస్తాద్ చెయ్యి అడ్డం పెట్టి ఆపిండు. నేను వంగి కర్ర తీసిన. నా చేతుల కర్ర ఉన్నదన్న సోయి సుత నాకు లేదు. చెవుల మీది చేతులు దించి దానికి కర్ర పట్టిచ్చిన.

"నాకేం కాలే బిడ్డా. నా దిక్కు చూసుకుంట మల్ల కొట్టు."

పోయి నా జాగల నిలబడ్డ. అది నా నొసటి నెత్తురు చూసింది, చేతుల కర్రను చూసింది. తర్వాత కర్ర లేచింది. ఈసారి దాని కండ్లు నా కండ్లల్లనే ఉన్నయ్. గాలి నా ఎంటికలకు తాకింది, కర్ర నెత్తి మీద ఆగింది.

"బాపూ, వణుకుతున్నవ్" అన్నది, నాకు మాత్రమే ఇనబడేటట్టు.

"అవు బిడ్డా. భయమైతున్నది."

"నాగ్గూడ" అన్నది నా బిడ్డ, కర్రను ఇసుమంత సుత కదలనియ్యకుంట.