దూది పెట్టిన కూజాలు

2024 వానాకాలం. బెంగళూరులో ఏ ఇంట్లో విన్నా డెంగీ మాటే. దొడ్డబళ్ళాపురం రోడ్డులో మా నర్సరీ ఉంది. పూలమొక్కలతోపాటు పురుగుల్ని పట్టి తినే మొక్కలు కూడా అమ్ముతాను. వాటిలో నెపెంథిస్ అంటే నాకు మహా ఇష్టం. ఆకు చివర తీగ, తీగ చివర మూతతో చిన్న కూజా ఉంటుంది. ఆ కూజాను మేము పిచర్ అంటాం. ఈ ఊళ్ళో దాన్ని నాకంటే బాగా పెంచేవాడు లేడని నా నమ్మకం. మా ఆవిడ దీన్ని పొగరు అంటుంది.

ఒక మధ్యాహ్నం నాగరత్నమ్మగారు వచ్చారు. కాటన్‌పేటలో వాళ్ళకు ఇత్తడి సామాన్ల కొట్టు ఉంది. రెండు బస్సులు మారి, గుడ్డసంచిలో కుండీ పెట్టుకుని, ఒళ్ళో మోసుకొచ్చారు. ఆ ఏడు వేసవిలో ఎనిమిదో తరగతి చదివే మనవరాలు కీర్తన పట్టుబట్టి నా దగ్గర కొనిపించుకున్న మొక్కే అది.

"ఏమప్పా, ఇది బతుకుతుందా?"

చూశాను. ఆకులు పచ్చగానే ఉన్నాయి. కూజాలు మాత్రం పైనుంచి గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోతున్నాయి. బోరునీళ్ళు పోస్తే ఉప్పుకు వేళ్ళు దెబ్బతింటాయి కాబట్టి ముందు నీళ్ళ సంగతే అడిగాను.

"ఆర్ఓ నీళ్ళేనప్పా. పాప చెప్పినట్టే పోస్తా ఉండా. ఎరువు గూడా వేయలేదు."

ఒక కూజాను వంచాను. చుక్క నీరు లేదు. మిగిలినవీ అంతే. గాలికి ఆరిపోతే ఒకటో రెండో ఎండుతాయి గానీ, అన్నీ ఒక్కసారే ఎండవు. మొక్కకు నోరు లేకపోయినా నా దగ్గర చాడీలు చెప్పకుండా ఉండదు.

"అమ్మా, వీటిలో నీళ్ళు ఎవరు పారబోస్తున్నారు?"

ఆమె తలదించుకున్నారు. "నేనేనప్పా. పాప డెంగీతో ఆసుపత్రిలో ఉండాది. యాడా నీళ్ళు నిలవనీయొద్దని ఇంటింటికీ వచ్చి చెప్పిపోయిరి. డ్రమ్ములు, పూలకుండీల కింద తట్టలు అన్నీ బోర్లేస్తిని. దీంట్లోనూ నీళ్ళుండె. రోజూ పొద్దున్నే వంచేస్తా ఉండా."

"ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది మీ పని" అని నవ్వాను. ఆమె నవ్వలేదు.

"దినామూ ఫోన్‌లో అడుగుతాది, అవ్వా, నా కూజాలు ఎట్లుండాయని. బాగుండాయనే చెప్తా ఉండా. బేస్తవారం ఇంటికొస్తాది. దానికి మొహం ఎట్ల చూపించేదప్పా?" అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

ఆమెను కూర్చోబెట్టి కూజా అంచు చూపించాను. అక్కడ తీపి ఊరుతుంది. దాని కోసం చీమ వస్తుంది. తడిస్తే ఆ అంచు పాచిపట్టిన మెట్టులా జారుతుంది, చీమ లోపల పడుతుంది. లోపలి గోడ మైనం పూసినట్టు ఉంటుంది కాబట్టి పైకి ఎక్కలేదు. అడుగున ఉన్నవి ఉత్త నీళ్ళు కావు, మొక్క ఊరించుకున్న జీర్ణరసం. చీమను కరిగించి, మట్టిలో దొరకని నత్రజనిని దాన్నుంచి లాక్కుంటుంది. ఆ రసం పారబోస్తే కూజా పని అయిపోయినట్టే.

"అయితే దాంట్లో సొళ్ళెలు గుడ్లు పెట్టవా?"

కన్నడంలో దోమను సొళ్ళె అంటారు. పెట్టవని చెప్పి పంపేయడం సులువు. కానీ ఆ రసంలోనూ బతకగల దోమపిల్లలు కొన్ని ఉన్నాయి. ఆసుపత్రిలో మనవరాలున్న మనిషికి అరకొర మాట చెప్పబుద్ధి కాలేదు.

"అరుదు. కానీ అస్సలు పెట్టవని ఒట్టు వేయలేను" అన్నాను.

ఎండిన కూజాలు కత్తిరించాను. కాస్త పచ్చగా ఉన్న మూడింటిలో కొద్దికొద్దిగా వాననీళ్ళు పోసి, దోమ దూరకుండా మూతుల్లో వదులుగా దూది పెట్టాను. చీమలు లేకపోయినా మొక్క చావదు, వెలుతురుతో ఆకులు దాన్ని నిలబెడతాయి, ఎదుగుదల మాత్రం నెమ్మదిస్తుంది.

"మీ భయం తీరినప్పుడు దూది తీయండి. తొందరేమీ లేదు. పాపకు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

దీపావళి ముందు అవ్వామనవరాళ్ళు ఇద్దరూ వచ్చారు. కీర్తన బాగా చిక్కిపోయింది గానీ కళ్ళలో మెరుపు తగ్గలేదు. కుండీ చూపించింది. కొత్త ఆకు చివర వేలెడంత కూజా వేలాడుతోంది. పాతవాటికి దూది అలాగే ఉంది.

"కొత్తదానికొక్కదానికే దూది వద్దని అవ్వ ఒప్పుకునింది మామా."

"ఒకటి చాల్లే" అన్నారు నాగరత్నమ్మగారు. "సొళ్ళెపిల్లలు ఉండాయేమోనని పొద్దున్నే టార్చేసి చూస్తా. నిన్న ఒక చీమ పడిండె. మొక్క బువ్వ తినిందని దీన్ని నిద్రలేపి చూపిస్తిని."

ఇప్పటికీ ఎవరైనా వాడిపోయిన మొక్క తెస్తే నీళ్ళ గురించి, ఎండ గురించి అడుగుతాను. కానీ వాటికంటే ముందు, ఇంట్లో అందరూ కులాసాయేనా అని అడుగుతాను.